పేరులేని తగరపు వాలు మీద అద్దె ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్

ముందే చెప్పేస్తాను. ఈ ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ అంటే రాయికి ఆనిస్తే అందులో ఏ మూలకం ఎంతుందో ఎక్స్‌రేలతో చెప్పే చేతి పరికరం. ఆర్సెనిక్ వెతకడానికైతే దీన్ని నిశ్చింతగా అద్దెకు తీసుకోండి. తగరం వెతకడానికైతే మాత్రం కింద రాసినదంతా చదివి, అందులో చెప్పిన శ్రమకు ఒప్పుకున్నాకే తీసుకోండి. మేం ఆ రెండింటి కోసమూ దీన్ని అలాస్కాలో బ్రూక్స్ పర్వతాల్లోకి పద్నాలుగు రోజులు తీసుకెళ్ళాం. తయారుచేసిన కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు. ఇలాంటి చేతి గన్లు చాలా కంపెనీలు చేస్తాయి. నేను చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌రే స్వభావం వల్ల వచ్చేవే కాబట్టి ఏ గన్‌కైనా వర్తిస్తాయి. అద్దెకిచ్చినవాళ్ళ వల్ల పడ్డ ఇబ్బంది ఏదో చివర్లో విడిగా చెబుతాను.

చోటు గురించి చెప్పకుండా గన్ గురించి చెప్పలేను. మేం వెళ్ళిన చోటుకు పేరు లేదు. అలాస్కాలో ఖనిజం కనిపించిన చోట్ల గురించి అమెరికా జియలాజికల్ సర్వే ఒక్కోదానికి ఒక్కో రికార్డు రాసి పెట్టింది, ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. తవ్వి లోహం తీసిన చోటయితే గని అంటారు. గుంటలు గానీ బోర్లు గానీ వేసి చూసిన చోటయితే ప్రాస్పెక్టు. ఖనిజం ఉందని ఎవరో చూసి, రాసుకుని, వెళ్ళిపోయిన చోటయితే అక్కరెన్స్. మాది ఆ మూడోది. పేరు గడిలో అన్‌నేమ్డ్. లోహాల గడిలో తగరం, ఆర్సెనిక్. ఉత్పత్తి గడిలో ఏమీ లేదు. అలాంటి పేజీ చదివితే నాకు కాళ్ళు ఆగవు. ఎవరో ఒక మనిషి ఒక వేసవిలో ఆ వాలు ఎక్కి, వంగి ఒక రాయి తీసుకుని చూసి, నాలుగు వాక్యాలు రాసి దిగిపోయారు. ఆ నాలుగు వాక్యాల వెనక ఉన్న రాయిని నేనూ చూడాలనిపిస్తుంది.

అర్రిగెచ్ శిఖరాల ప్రాంతం అది. అర్రిగెచ్ అంటే అక్కడి ఇనుపియాట్ మాటలో చాచిన చేతి వేళ్ళు. చూస్తే అలాగే ఉంటాయి, బూడిదరంగు వేళ్ళు నిటారుగా. డెవోనియన్ కాలపు గ్రానైట్, తర్వాతి ఒత్తిళ్ళకు నలిగి పట్టీలు పట్టీలుగా ఉండే నైస్ అనే రాయిగా మారింది. దాని అంచున ఒకప్పటి సున్నపురాయి పాలరాయి అయి నిలబడి ఉంటుంది. గ్రానైట్ ముద్ద చల్లారేటప్పుడు ఏ ఖనిజంలోనూ ఇమడనివి చివరిదాకా మిగిలిపోతాయి. ఫ్లోరిన్, బోరాన్, తగరం, ఆర్సెనిక్ ఆ కోవలోవి. మిగిలిన వేడినీళ్ళు వాటిని మోసుకుని పగుళ్ళ వెంట బయటికి వస్తాయి. గ్రానైట్‌లోనే ఆగిపోతే అభ్రకం, పలుగు, ఫ్లోరైట్ కలిసిన గ్రైజెన్ అవుతుంది. పాలరాయిని తాకితే గార్నెట్‌తో నిండిన స్కార్న్ అవుతుంది. తగరం ఎక్కువగా కాసిటరైట్ అనే ఖనిజంగానూ, ఆర్సెనిక్ ఆర్సెనోపైరైట్ అనే ఖనిజంగానూ అక్కడ పేరుకుంటాయి. ఈ రెండూ పుట్టేటప్పుడు కలిసి పుట్టినా ఎండకీ వానకీ బయటపడ్డాక మాత్రం ఎవరి దారి వారిదే. కాసిటరైట్ దేనికీ లొంగదు. గట్టిది, నీటికన్నా దాదాపు ఏడు రెట్లు బరువు, ఆమ్లానికి కరగదు. గింజలు గింజలుగానే వాగులోకి దిగి అడుగున కూర్చుంటుంది. ఆర్సెనోపైరైట్ తుప్పుపట్టి విడిపోతుంది. దాని ఆర్సెనిక్ ఇనుపతుప్పును పట్టుకుని మట్టంతా పరుచుకుంటుంది. అందుకే తగరం ఒక చోట గింజగా ఉంటే, ఆర్సెనిక్ దాని చుట్టూ వంద అడుగుల మేర మరకగా ఉంటుంది. మా పని మొత్తం ఈ తేడా మీదే నడిచింది. గన్ మంచిచెడ్డలు కూడా ఈ తేడా మీదే తేలాయి.

ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి చిన్న విమానంలో బెటిల్స్, అక్కణ్ణుంచి నీటి మీద దిగే విమానంలో అలట్నా నది పక్కన ఒక సరస్సు, ఆపైన రెండు రోజుల నడక. 1980లో ఈ ప్రాంతమంతా గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ జాతీయ పార్కు అయింది. లోపల రోడ్డు లేదు, వేసిన కాలిబాట కూడా లేదు. తిండి ఎలుగుబంట్లు తెరవలేని డబ్బాల్లోనే పెట్టుకోవాలి, ఆ డబ్బాలు బెటిల్స్ రేంజర్ కార్యాలయంలో అడిగితే ఇచ్చారు. పైలట్ ప్రతి సంచీ తూచాడు. గన్ బరువు కిలోన్నర. దాని గట్టిపెట్టె, బ్యాటరీలు, ఛార్జరు, మడతపెట్టే సౌరపలక కలిపితే ఎనిమిది కిలోలు దాటాయి. ఆ ఎనిమిది కిలోల కోసం తిండి తగ్గించుకున్నాం. పార్కులో రాయి కొట్టి తీసుకెళ్ళాలంటే పరిశోధన అనుమతి కావాలి. మా ప్రొఫెసర్‌గారికి వచ్చిన అనుమతిలో మాకు పన్నెండు నమూనాలు రాసిచ్చారు. పన్నెండే. కొండంత వాలు మీద ఏ పన్నెండు రాళ్ళు తీయాలో చెప్పడానికే ఈ గన్.

అది పనిచేసే తీరు మామూలుగా చెబుతాను. మూతిని రాయికి ఆనించి మీట నొక్కితే లోపలి గొట్టం నుంచి ఎక్స్‌రేలు రాయిని తాకుతాయి. తాకినచోట ప్రతి మూలకమూ తనదే అయిన శక్తితో ఒక ఎక్స్‌రేని తిరిగి విడుస్తుంది. ఆర్సెనిక్ 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పలుకుతుంది, తగరం 25.3 దగ్గర. గన్ ఆ పలుకులు లెక్కపెట్టి తెర మీద పీపీఎంలో, అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో, చూపిస్తుంది. రేడియోధార్మిక పదార్థం ఏమీ ఉండదు, విద్యుత్తు తీసేస్తే కిరణం ఆగిపోతుంది. అందుకే విమానంలో తీసుకెళ్ళడం కష్టం కాలేదు. లిథియం బ్యాటరీలు మాత్రం చేతిసంచీలో పెట్టుకోవాలి.

మొదటిరోజు ఆర్సెనిక్‌తో మొదలుపెట్టాం. వాలు కిందినుంచి పైకి, ఇరవై అడుగులకొకసారి నాచు పక్కకి తీసి, కింది మట్టి మీద ముప్ఫై సెకన్లు పెట్టాం. కింద ఎనిమిది, పన్నెండు, పది. పాలరాయి అంచు దగ్గరికి వచ్చేసరికి అరవై. ఇంకాస్త పైకి మూడు వందలు. నాతో వచ్చిన కుర్రాడు మా డిపార్ట్‌మెంటులో జూనియర్, వాడు అంకెలు చదువుతున్నాడు, నేను నోట్‌బుక్కులో రాస్తున్నాను. "అక్కా, తొమ్మిది వందల నలభై!" అని వాడు అరిచినచోట నాచు కింద మట్టి పసుపుపచ్చగా ఉంది. నాలుగు అడుగులు పైన ఒక బండ, దాని మీద పాలిపోయిన ఆకుపచ్చ పొర. ఆర్సెనోపైరైట్ తుప్పుపడితే వచ్చే స్కోరొడైట్ అది. సుత్తితో అంచు తట్టాను. లోపల వెండిలాంటి తెలుపు, నిప్పురవ్వ రాలింది, వెంటనే వెల్లుల్లి వాసన. ఆ వాసన తెలిసినవాళ్ళకి గన్ అక్కర్లేదు. కానీ ఆ బండ దగ్గరికి గంటన్నరలో మమ్మల్ని తీసుకొచ్చింది గన్నే. నాచు కప్పిన ఆ వాలు మీద కళ్ళతో వెతికితే నాలుగు రోజులు పట్టేదని ఖాయంగా చెప్పగలను.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఆర్సెనిక్ ఎక్స్‌రేకి శక్తి తక్కువ, రాతిలో అర మిల్లీమీటరు కూడా దాటి బయటికి రాదు. అంటే గన్ చదివేది రాతి తోలునే. తుప్పుపొర ఉన్న బండ మీద ఆర్సెనిక్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఉన్నదంతా ఆ పొరలోనే. అదే మీట నొక్కులో తగరపు ఎక్స్‌రే కొన్ని మిల్లీమీటర్ల లోతు నుంచి వస్తుంది. తెర మీద రెండు అంకెలూ పక్కపక్కనే పడతాయి, చూసేవాళ్ళకి ఒకే రాయి గురించి చెబుతున్నట్టు ఉంటుంది. నిజానికి ఒకటి చర్మం గురించి, ఒకటి కండ గురించి. ఆర్సెనిక్‌కీ తగరానికీ నిష్పత్తి కట్టాలనుకుంటే తాజాగా పగిలిన ముఖం మీదే చదవండి. ఈ సంగతి గన్‌తో వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇంకో జాగ్రత్త సీసం గురించి. సీసం ఎక్స్‌రే ఒకటి 10.55 దగ్గర పలుకుతుంది, అంటే దాదాపు ఆర్సెనిక్ గొంతే. గన్ సీసాన్ని దాని రెండో పలుకు 12.6 దగ్గర పట్టుకుని, లెక్కకట్టి, ఆర్సెనిక్ లోంచి తీసేస్తుంది. సీసం తక్కువుంటే ఈ తీసివేత బాగానే నడుస్తుంది. సీసం ఆర్సెనిక్‌కి పది రెట్లు దాటితే ఆ అంకెను నమ్మవద్దని అమెరికా పర్యావరణ సంస్థ 6200 అనే తన పద్ధతిలోనే చెప్పింది. నేను వెళ్ళేముందు పరీక్షించి చూశాను. మోంటానా మట్టితో చేసిన ప్రామాణిక నమూనా 2711ఎ మా ప్రయోగశాలలో ఉంది. అందులో ఆర్సెనిక్ 107 పీపీఎం, సీసం 1,400, అంటే పదమూడు రెట్లు. గన్ ఒకసారి ఆర్సెనిక్ 70 అంది, ఒకసారి 150 అంది. అందువల్ల వాలు తూర్పుకొసన గెలీనా అనే సీసపు ఖనిజం మెరిసే ఒక సన్నటి నాళం దగ్గర వచ్చిన ఆర్సెనిక్ అంకెలన్నిటికీ నోట్‌బుక్కులో పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. మీరు సీసం ఉన్న చోటికి వెళ్తుంటే ఇదొక్కటే చాలు, ఆర్సెనిక్ కోసం ఈ గన్ వద్దనడానికి. మా వాలులో మిగతాచోట సీసం దాదాపు లేదు. కాబట్టి మాకు బాగా నడిచింది.

ఇప్పుడు తగరం. ఇక్కడే నిదానం కావాలి.

మొదటిది, వోల్టేజీ. తగరాన్ని పలికించాలంటే ఎక్స్‌రే గొట్టం 29.2 కిలోవోల్టుల పైన పనిచేయాలి, బాగా పైన ఉంటేనే పలుకు బలంగా వస్తుంది. అద్దెకు తీసుకునేముందు గొట్టం 50 కిలోవోల్టులదా అని అడగండి. 40ది కూడా చదువుతుంది, కానీ రెట్టింపు సేపు పట్టుకోవాలి. తగరానికి 3.4 దగ్గర ఇంకో మెత్తని పలుకు ఉంది గానీ స్కార్న్‌లో అది పనికిరాదు. పాలరాయి, గార్నెట్ నిండా కాల్షియం ఉంటుంది. దాని పలుకు 3.7 దగ్గర హోరెత్తిపోయి తగరాన్ని మింగేస్తుంది.

రెండోది, సమయం. భూమి పైపొరలో తగరం సగటున రెండు పీపీఎం చుట్టూ ఉంటుంది. ఈ గన్‌కి ఇరవై కింద తగరం కనిపించదు. మట్టిలో నలభై యాభై ఉంటేనే మనకు కబురు, ఆ నలభై నమ్మకంగా తెలియాలంటే తొంభై సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. దోమల మధ్య, వంగి, తొంభై సెకన్లు. మేం మూడో రోజు నుంచి ఆర్సెనిక్ 100 దాటిన చోటే తగరానికి తొంభై సెకన్లు పెట్టాలని నియమం పెట్టుకున్నాం. బ్యాటరీ కూడా మిగిలింది.

మూడోది, గింజ. కాసిటరైట్ గింజలుగా ఉంటుంది, గన్ మూతి ఎనిమిది మిల్లీమీటర్లు. ఒకే బండ మీద అరచేతి వెడల్పులో ఐదు చోట్ల పెడితే నాకు వచ్చినవి: కనబడలేదు, 210, 90, కనబడలేదు, 6,800. ఆ చివరిదాని కింద భూతద్దంతో చూస్తే చీకటి గోధుమరంగు గింజ, వజ్రంలా మెరుపు. ఈ ఐదింటి సగటు వేసి బండలో తగరం ఇంత అని చెప్పడం తప్పు. రాతిని ఇనుపరోట్లో దంచి, జల్లెడ పట్టి, పొడిని చిన్న ప్లాస్టిక్ సంచీలో పోసి, సంచీ బయటినుంచి చదివితే అంకెలు నిలకడగా వచ్చాయి. పలచటి సంచీ ఈ రెండు లోహాలకూ అడ్డురాదు. కానీ పొడి పలచగా పరిస్తే తగరం తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే దాని కిరణం పొడిని దాటి కింది బల్లలోకి పోతుంది. రెండు వేళ్ళ మందం ఉండేలా సంచీని మూలకు తోసి పట్టుకోండి. ఇది మేం ఐదోరోజు కనిపెట్టాం, అంతకుముందు చదివిన పొడులన్నీ మళ్ళీ చదివాం.

తడి గురించి. నాచు కింద మట్టి పిండితే నీళ్ళు కారుతుంది, దాని కింద నేల ఏడాదంతా గడ్డకట్టే ఉంటుంది. తడిమట్టిలో అన్ని అంకెలూ తగ్గిపోతాయి. ఆరబెట్టి చదవాలి, గాలికీ ఎండకీ కాగితం మీద పరిచి. తొందరపడి పొయ్యి మీద వేడిచేయకండి. ఆర్సెనోపైరైట్ ఉన్న మట్టిని గట్టిగా కాలిస్తే ఆర్సెనిక్ ఆవిరై పొగలో లేస్తుంది. అంకె తప్పడం ఒక ఎత్తు, అది పీల్చడం ఇంకో ఎత్తు. వంటగిన్నెలను ఈ పనికి ఎన్నడూ వాడకండి. దంచేటప్పుడు మూతికి మాస్కు, చేతికి తొడుగులు, గాలి మన వెనకనుంచి వీచేలా నిలబడటం, అన్నం ముందు సబ్బుతో చేతులు. మా కుర్రాడికి ఇది రోజుకు మూడుసార్లు చెప్పాను, వాడు విసుక్కోలేదు.

పద్నాలుగు రోజుల్లో ఐదు రోజులు వాన. గన్ తడవకుండా సంచీ తొడిగి వాడాం, ఒక్కసారి కూడా మొరాయించలేదు. జూలై చివరి రాత్రుల్లో చలి సున్నా దాకా దిగింది, పొద్దున ఆన్ చేస్తే తెర కాస్త నెమ్మదిగా వెలిగేది, అంతే. గట్టితనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

తిరిగొచ్చాక జరిగింది చెబితే ఈ గన్ మీద నాకు నమ్మకం ఎలా కుదిరిందో అర్థమవుతుంది. పన్నెండు నమూనాలనూ ఒక వాణిజ్య ల్యాబుకు పంపాం. ఫారం నింపేటప్పుడు అక్కడివాళ్ళు నాలుగు ఆమ్లాల పద్ధతి చాలన్నారు, అందులో నలభైకి పైగా మూలకాలు ఒకేసారి వస్తాయి, తగరం కూడా జాబితాలో ఉంది. సరే అన్నాం. మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. ఆర్సెనిక్ మా గన్ చెప్పినదానికి పదో వంతు తేడాలో ఉంది. తగరం చూసి ఇద్దరం మాట్లాడలేదు. మా పొడిలో గన్ 2,100 అన్నచోట ల్యాబు 160. గన్ 900 అన్నచోట 70. "అక్కా, అంటే మనం కొండ మీద చదివిందంతా తప్పా?" అన్నాడు వాడు. ఎనిమిది కిలోలు మోసిన భుజం ఆ క్షణంలో నిజంగా నొప్పెట్టింది.

కానీ కాసిటరైట్ ఆమ్లానికి లొంగదని పైన రాశాను కదా. నైట్రిక్, హైడ్రోక్లోరిక్, పెర్క్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ నాలుగూ కలిపి మరిగించినా చాలా గింజలు అడుగున అలాగే కూర్చుంటాయి. పైనున్న ద్రవాన్ని కొలిస్తే తగరం ఎక్కణ్ణుంచి వస్తుంది? అవే పొడులను సోడియం పెరాక్సైడ్‌తో కరిగించే పద్ధతికి మళ్ళీ పంపాం, ఇంకోసారి డబ్బు కట్టి. ఈసారి 2,100 అన్నచోట 2,340. 900 అన్నచోట 860. గన్ రాతిని కరిగించదు, ఉన్నదున్నట్టు చూస్తుంది. ఈ ఒక్క విషయంలో అది ల్యాబు మామూలు పద్ధతికన్నా నిజాయితీగా ఉంది. మీరు తగరానికి నమూనాలు పంపుతుంటే ఫారంలో ఫ్యూజన్ (ఈ రెండో పద్ధతి పేరు అదే) అని మీరే రాయండి, అవతలివాళ్ళు అడుగుతారని ఎదురుచూడకండి. పాత రికార్డుల్లో కొన్నిచోట్ల తగరం లేదని రాసి ఉంటే, ఏ పద్ధతిలో కొలిచారో చూడకుండా నేనిక నమ్మను.

గన్ చెప్పలేనిది ఒకటుంది, అది దాని తప్పు కాదు. తగరం ఎంతో చెబుతుంది, ఏ ఖనిజంలో ఉందో చెప్పదు. స్కార్న్‌లో తగరం గార్నెట్ లోపల దాక్కోవచ్చు, మలయైట్ అనే కాల్షియం ఖనిజంలో ఉండొచ్చు, బోరాన్ ఖనిజాల్లోనూ ఉండొచ్చు. వాటిలోంచి లోహం తీయడం కాసిటరైట్‌లోంచి తీసినంత తేలిక కాదు. ఈ పర్వతాలకు ఎవరి పేరు పెట్టారో ఆ భూగర్భ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ హల్స్ బ్రూక్స్ 1900లో ఇక్కడికి పడమరన సీవార్డ్ ద్వీపకల్పంలో వాగు ఇసుకలో కాసిటరైట్‌ని గుర్తుపట్టారు. అలాస్కాలో తగరం కథ అక్కడే మొదలైంది. ఎనిమిదేళ్ళ తర్వాత అదే ద్వీపకల్పంలో బ్రూక్స్ మౌంటెన్ దగ్గర దొరికిన ఒక నల్లటి బోరాన్ ఖనిజానికి ఆయన మధ్యపేరుతో హల్సైట్ అని పెట్టారు. హల్సైట్‌లో తగరం ఉంటుంది. గన్ దాని మీద పెడితే తగరం అని గట్టిగా చెబుతుంది, చూసినవాళ్ళు సంబరపడతారు, కానీ అది కాసిటరైట్ కాదు. ఆయన పేరు మీదున్న పర్వతాల్లో తిరుగుతూ ఆ ఖనిజాన్ని తలచుకోకుండా ఎలా ఉంటాను.

అందుకని రెండు పాత పరీక్షలను గన్‌తో పాటు పెట్టుకోవాలని నా సలహా. రాత్రి గుడారంలో షార్ట్‌వేవ్ అతినీలలోహిత దీపం వేసి చూస్తే మలయైట్ పసుపుపచ్చగా వెలుగుతుంది. జూలై చివర్లో అక్కడ పూర్తి చీకటి రాదు, దుప్పటి కప్పుకుని చూశాం. మా రెండు నమూనాలు వెలిగాయి. రెండో పరీక్ష తిరిగొచ్చాక. జింకు రేకు మీద గింజలు పెట్టి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే కాసిటరైట్ గింజల మీద కాసేపటికి బూడిదరంగు తగరపు పూత వస్తుంది. పెద్ద అంకె వచ్చిన ఆ గోధుమరంగు గింజ మీద పూత లేచినప్పుడు మా కుర్రాడు దాన్ని వేలితో రుద్ది మెరిపించి, ఎవరికో చూపించాలని కారిడార్‌లోకి పరిగెత్తాడు.

ఇక అద్దె సంగతి. రెండు వారాలకు నాలుగు వేల డాలర్ల చిల్లర, పైన పెద్ద డిపాజిట్, రేడియేషన్ భద్రత శిక్షణ పత్రం చూపిస్తేనే ఇచ్చారు. ఆ పట్టుదల నాకు నచ్చింది. కిరణం వస్తున్నప్పుడు రాతిని చేత్తో పట్టుకోకూడదని, మూతి ముందు ఎవరూ ఉండకూడదని తెలియనివాళ్ళ చేతికి ఇది ఇవ్వకూడదు. పెట్టె బాగా సర్ది పంపారు, స్వచ్ఛమైన సిలికా బిళ్ళ కూడా ఇచ్చారు. రోజూ పొద్దున దాని మీద చదివితే అన్నీ సున్నా దగ్గర రావాలి. వస్తే మూతి శుభ్రంగా ఉన్నట్టు. ఏడోరోజు సిలికా బిళ్ళ మీద ఆర్సెనిక్ 40 చూపించింది. మూతికి అంటుకున్న ఆర్సెనోపైరైట్ పొడి అది. మూతి మీది పలచటి పొర మార్చగానే పోయింది. ఆ పొరలు ఐదే ఇచ్చారు, పన్నెండోరోజుకు అయిపోయాయి. పది అడగండి. పొర చిరిగి పుల్ల లోపలికి గుచ్చుకుంటే డిటెక్టరు కిటికీ పోతుంది, డిపాజిట్ కూడా దాదాపు దానితోనే పోతుంది.

వాళ్ళమీద నాకున్న అసలు కోపం బ్యాటరీది. రెండు ఇచ్చారు, ఒకటి మూడోరోజుకు ఛార్జు నిలపడం మానేసింది. గంట కూడా ఆగలేదు. వెళ్ళేముందు ఫోన్లో అడిగితే రెండూ పరీక్షించామన్నారు. రోడ్డు లేని చోట, విమానం రెండు వారాలకొకసారి వచ్చే చోట, అదొక్క మాట ఖరీదు ఎంతో వాళ్ళకు తెలియాలి. సౌరపలక ఉండబట్టి, ఎండ వచ్చిన రోజుల్లో మంచి బ్యాటరీని మధ్యాహ్నం ఛార్జింగులో పెట్టి, ఆ రెండు గంటలూ రాళ్ళు దంచుకుంటూ గడిపాం. తిరిగిచ్చేటప్పుడు ఈ సంగతి రాతపూర్వకంగా ఇచ్చాను. అద్దెలో రెండు రోజుల డబ్బు వెనక్కిచ్చారు, క్షమాపణ కూడా చెప్పారు. అది న్యాయమే అనుకుంటున్నాను.

ఎవరికి పనికొస్తుందంటే, నమూనాలు కొన్నే తీయగలిగినవాళ్ళకి, సీసం తక్కువున్న నేల మీద నడిచేవాళ్ళకి, దంచడానికీ ఆరబెట్టడానికీ సగం రోజు కేటాయించగలిగినవాళ్ళకి. వాలు మీద నడుస్తూ మీట నొక్కుతూ తగరం దొరుకుతుందనుకునేవాళ్ళు ఆ డబ్బుతో ఇసుక కడిగే మంచి పళ్ళెం ఒకటి కొనుక్కుని వాగులో ఇసుక కడుక్కోవడం మేలు. కాసిటరైట్ బరువే దాన్ని అడుగున పట్టిస్తుంది.

వచ్చే జూలైకి అదే గన్ అడిగాను. పక్క లోయలో ఇంకో అన్‌నేమ్డ్ ఉంది, రికార్డులో మూడే వాక్యాలు. ఈసారి బ్యాటరీలు మూడు, పొరలు పది, బయల్దేరే ముందు రోజు మూడు బ్యాటరీలనూ నా బల్ల మీదే ఆఖరిదాకా నడిపి చూస్తాను.